సీటు మాహాత్మ్యం

మన కార్యాలయాల్లో ‘సీటు’ అన్న మాటకున్న మహిమ మరే మాటకూ లేదు. ‘అయ్యగారు సీట్లో లేరు’, ‘ఫైలు ఆ సీటు దాటి రాలేదు’, ‘ఆయనకు మంచి సీటు దొరికింది’, ‘ఈయనకు సీటు మార్చారు’ - ఇవి వినబడని రోజు మన ఉద్యోగ పర్వంలో ఉండదు. మూడు దశాబ్దాలుగా ఈ మాటలు వింటూ, అంటూ, అనిపించుకుంటూ వచ్చిన నేను, సీటును గురించి నాకు తెలియనిది లేదనే భ్రమలో ఉండేవాణ్ణి. ఆ భ్రమను పటాపంచలు చేసింది జానెడుకు కాస్త మించిన ఒక చిన్న వస్తువు. అది సైకిలు సీటు. దాని మీద సుఖంగా కూర్చోవడం ఒక విద్య అని, ఆ విద్యను యాభై మూడేళ్ల వయసులో సముద్రం దాటివచ్చి నేర్చుకోవలసి వస్తుందని నేను కలలోనైనా అనుకోలేదు. ఆ కథనే సహోద్యోగ మిత్రులతో పంచుకోవాలని ఈ చిన్న ప్రయత్నం.

2022 వేసవిలో నాకు అండమాన్ దీవులకు బదిలీ అయింది. విశాఖపట్నంలో ఓడ ఎక్కి, మూడు రోజులు నీలి సముద్రం తప్ప మరేమీ చూడక, పోర్ట్‌బ్లెయిర్ చేరుకున్నాను. ఆ నగరానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అనే పేరు పెట్టారు. నేను చెప్పబోయే సంగతులు అంతకు ముందువి గనుక పాత పేరునే వాడుకుంటాను. మాకు ఇల్లు దొరికింది మిడిల్ పాయింట్‌లో. పేరుకు తగ్గట్టు అది నగరం నడుమనున్న పేట. మానవశాస్త్ర ప్రదర్శనశాల, దీవుల హస్తకళా వస్తువులు అమ్మే సాగరిక ఎంపోరియం ఇక్కడే ఉన్నాయి. ఉదయం పాలకు వెళితే తెలుగు వినబడుతుంది, కూరలకు వెళితే తెలుగు వినబడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వందమందిలో సుమారు పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చినవారు. కనుక పరాయి దేశానికి వచ్చామన్న దిగులు మా ఇంట్లో వారం రోజులు కూడా నిలవలేదు.

లేనిదల్లా ఒక్కటే, సమతలమైన వీధి. పోర్ట్‌బ్లెయిర్ కొండల మీద పరచిన ఊరు. గడప దాటితే ఎత్తయినా ఉంటుంది, పల్లమైనా ఉంటుంది. నడిచి వెళ్లేవారికి ఆయాసం, వాహనం నడిపేవారికి అప్రమత్తత తప్పనిసరి.

వచ్చిన ఆరు నెలలకు వార్షిక వైద్య పరీక్షలో నాకు మధుమేహం ఉన్నట్టు తేలింది. వైద్యుడు మృదుభాషి. “మందులు నేను రాస్తాను. కదలిక మాత్రం మీరే సంపాదించుకోవాలి” అన్నారు. నడుద్దామంటే మోకాళ్లు సహకరించవు. ఈదుదామంటే ఈత రాదు. “అయితే సైకిలు తొక్కండి. మోకాళ్ల మీద శరీర భారం పడదు” అన్నారాయన. ఆ వారమే గేర్లున్న కొత్త సైకిలు కొన్నాను. చివరిసారి నేను సైకిలు తొక్కింది కళాశాల రోజుల్లో.

కొన్న ఉత్సాహంలో నేను చేసిన మొదటి పొరపాటు నోరు జారడం. భోజన విరామంలో కుర్ర ఉద్యోగులు నలుగురు, గణతంత్ర దినోత్సవం నాడు చిడియాటాపు దాకా సైకిళ్ల మీద వెళదామని అనుకుంటున్నారు. అది దక్షిణ అండమాన్ దక్షిణపు కొసన, మా ఊరికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న రమణీయ ప్రదేశం. “నేనూ వస్తాను” అన్నాను. వారు మర్యాదగా నవ్వారు. ఆ నవ్వు నన్ను గాయపరచింది. పట్టుదల పెరిగింది.

రెండవ పొరపాటు సన్నాహాలలో జరిగింది. సైకిలుతో వచ్చిన సీటు సన్నగా, గట్టిగా ఉంది. అందుచేత దాని మీద జెల్లీ నింపిన మందపాటి కవరు తొడిగించాను. అది పొంగిన పూరీలా ఉండి, చూడగానే సుఖం మీద భరోసా కలిగించింది. పందేలలో పాల్గొనేవారి సైకిళ్లకు సీట్లు ఎత్తుగా ఉండడం చిత్రాలలో చూసి, నా సీటునూ పైకి లేపాను. ముందుకు జారిపోకుండా దాని ముక్కును కాస్త ఆకాశం వైపు తిప్పాను. ఇక దుస్తులు - దూర ప్రయాణం కదా, దృఢంగా ఉండాలని కొత్త జీన్స్ ప్యాంటు వేసుకున్నాను. ఈ నాలుగు ఏర్పాట్లూ నన్ను పీడించడానికే చేసుకున్నవని అప్పటికి తెలియదు.

2023 జనవరి 26, తెల్లవారుజామున ఐదు గంటలకు బయలుదేరాం. గారాచర్మ దాటేవరకు నాలో యౌవనం ఉరకలు వేసింది. ఎనిమిదవ కిలోమీటరులో ప్యాంటు కుట్టు ఉన్నచోట మంట మొదలైంది. పన్నెండవ కిలోమీటరుకు మంట పోయింది. పోయిందని సంతోషించేలోపు తెలిసింది, మంటతో పాటు స్పర్శ కూడా పోయిందని. కూర్చున్న భాగమంతా మొద్దుబారింది. సైకిలు దిగి నిలబడ్డాను. పావుగంట గడిచినా స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు.

పాఠకులలో మధుమేహం ఉన్నవారుంటే వారికి ‘మొద్దుబారడం’ అన్న మాట ఎంత భయంకరమైనదో నేను వివరించనక్కరలేదు. పాదాలలో స్పర్శ తగ్గుతున్నదేమో గమనించుకోమని వైద్యులు మనకు పదేపదే చెబుతారు. నా వ్యాధి అప్పుడే నరాల దాకా వచ్చిందా? ఇంకా ఆరేళ్ల ఉద్యోగం, పెళ్లి కావలసిన కూతురు - అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. కుర్రవాళ్లను ముందుకు సాగమని చెప్పి, నగరం వైపు వస్తున్న కూరగాయల వ్యానును ఆపి, సైకిలును బీరకాయల బస్తాల పక్కన ఎక్కించాను. డ్రైవరు పక్కన కూర్చోమన్నాడు. కూర్చోలేక వెనకాల నిలబడి వచ్చాను.

మర్నాడు కార్యాలయంలో నా కోసం ఎవరో ఫోను చేస్తే మా అటెండరు ఇలా జవాబు చెప్పాడట: “సారు సీటు దగ్గరే ఉన్నారండీ. సీట్లో మాత్రం లేరు.”

ఆ సాయంత్రమే వైద్యుణ్ణి కలిశాను. పాదాలు పరీక్షించి, అవి భేషుగ్గా ఉన్నాయన్నారు. “ఇది మధుమేహం పని కాదు, మీ సీటు పని” అని నవ్వి, కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మనిషి కూర్చున్నప్పుడు బరువు మోయడానికి ప్రకృతి కటి భాగంలో అడుగున రెండు ఎముకలను కేటాయించింది. ఆ రెంటి నడుమనున్న మెత్తని భాగం గుండా ఒక ముఖ్యమైన నరం, రక్తనాళాలు సాగుతాయి. అది బరువు మోయడానికి ఏర్పడిన స్థలం కాదు. సీటు ఇరుకైనదైనా, ముక్కు పైకి లేచినా, అతి మెత్తనిదైనా బరువు ఎముకలను వదిలి ఆ నడిమి భాగం మీద పడుతుంది. నరం నలిగి స్పర్శ పోతుంది. “మొద్దుబారడం శరీరం మోగించే గంట. వినబడగానే లేచి నిలబడాలి. గంట మోగుతున్నా తొక్కుకుంటూ పోతే నరానికి హాని కలగవచ్చు. రెండు రోజుల్లో తగ్గకపోతే మళ్లీ రండి. తగ్గితే నా దగ్గరకు కాదు, సైకిళ్లు బాగుచేసేవాడి దగ్గరకు వెళ్లండి” అన్నారు. మూడవనాటికి పూర్తిగా తగ్గింది.

జంగ్లీఘాట్ వైపు వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డులో సైకిళ్లు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. డెబ్భై ఏళ్లు పైబడ్డాయి. సిక్కోలు తీరం నుంచి యౌవనంలో చేపల వేటకు ఈ దీవులకు వచ్చి, కాలికి దెబ్బ తగిలి వేట మానుకొని, రెంచీ పట్టుకున్న మనిషి. నా సైకిలును చూడగానే ఆయన చూపు సీటు మీద ఆగింది.

“ఏటి బాబూ, సీటుకి పరుపేసినావు?”

“మెత్తగా ఉంటుందని వేయించాను తాతా.”

“మెత్తంటే సుకమనుకున్నావు. ఇసక మెత్తగానే ఉంటాది. రెండు మైళ్లు ఇసకలో నడిసి సూడు, పిక్కలేటంటాయో.”

సుఖానికీ మెత్తదనానికీ భేదం ఉన్నదన్న సత్యం నాకు అంత సులువుగా అంతకు ముందెవరూ చెప్పలేదు. అడుగుకంటా దిగబడిపోయే మెత్తని వస్తువు మీద ఎముకలు కిందికి కూరుకుపోతాయి. వాటి నడుమనున్న జెల్లీ పైకి ఉబికి, ఎక్కడ ఒత్తకూడదో అక్కడే ఒత్తుతుంది. కాసేపటి కూర్చోవడానికి మెత్తదనం హాయిగానే ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ నిలిచేది సరైన ఆధారం.

తాత నన్ను చెక్కబల్ల మీద కూర్చోమన్నారు. కింద సబ్బుల పెట్టె అట్టముక్క వేశారు. “ముందుకి వొంగు. కాళ్లు పైకెత్తు” అన్నారు. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు. వాటి నడుమ దూరం కొలిస్తే పన్నెండు సెంటీమీటర్లు వచ్చింది. సీటు వెనక భాగం అంతకన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు ఉంటేనే ఆ ఎముకలు పూర్తిగా దాని మీద ఆనుతాయి. నా సీటు వెడల్పు పదమూడు. అంటే నా ఎముకలు రెండూ అంచుల మీద వేలాడుతున్నాయన్నమాట. పాశ్చాత్య దేశాల పెద్ద దుకాణాలలో కూడా ఈ కొలతనే ఆధారంగా తీసుకొని సీటు ఎంపిక చేస్తారని తరువాత చదివి తెలుసుకున్నాను. మనిషి లావును బట్టి గాక ఎముకల దూరాన్ని బట్టి సీటును ఎంచుకోవాలి. స్త్రీలకు సాధారణంగా ఈ దూరం ఎక్కువ గనుక వారికి మరికాస్త వెడల్పయిన సీటు కావాలి. నిటారుగా కూర్చొని తొక్కేవారికి వెడల్పు, ముందుకు బాగా వంగి తొక్కేవారికి సన్ననిది నప్పుతుంది. పదిహేను సెంటీమీటర్ల సీటు ఒకటి, ఓ మోస్తరు గట్టిది, తాత తన దుకాణంలోనే వెతికి బిగించారు.

తరువాత ఎత్తు. గోడ పట్టుకొని సైకిలెక్కి, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనించమన్నారు. కాలు సరిగ్గా చాపుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సీటు అతిగా ఎత్తయితే ప్రతి తొక్కుడుకూ తుంటి అటూ ఇటూ ఊగి చర్మం ఒరుసుకుపోతుంది. మరీ కిందికి ఉంటే కాళ్లు తమ వాటా బరువు మోయవు. భారమంతా సీటు మీదనే పడి, మోకాళ్లు కూడా నొస్తాయి. సీటు మట్టం చూడడానికి సగం నీళ్లున్న సీసాను దాని మీద అడ్డంగా పడుకోబెట్టారు. నీరు నిశ్చలంగా సమంగా నిలిచేదాకా సీటు ముక్కును సవరించారు. ముక్కు పైకుంటే నడిమి భాగానికి హాని, బాగా కిందికుంటే మనిషి ముందుకు జారి అరచేతులకు శ్రమ. చివరగా దారానికి నట్టు కట్టి, పెడళ్లు రెండూ అడ్డంగా ఉన్నప్పుడు నా ముందరి మోకాలి నుంచి వేలాడదీశారు. దారం పెడలు ఇరుసుకు సూటిగా వచ్చేవరకు సీటును ముందుకూ వెనక్కూ జరిపారు. హ్యాండిలును కూడా రెండంగుళాలు పైకి లేపారు. మొత్తం గంటన్నర పట్టింది. పుచ్చుకున్న కూలి చూసి నేనే సిగ్గుపడ్డాను.

వెళ్లబోతుంటే ఆయన మరొక మాట అన్నారు. “బాబూ, సీటన్నాది కూకోడానికి కాదు. ఆనుకోడానికి. బరువు మూడు దిక్కులా పంచాల - కాళ్లకింత, సేతులకింత, సీటుకింత. ఒక్కదాని మీదే కూలబడితే అది తిరగబడతాది.” అటు తరువాత ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇంతకన్నా మంచి సూత్రం నాకు కనబడలేదు.

సీటు బాగుపడినా మనిషి బాగుపడడానికి సమయం పట్టింది. మొదటి పక్షం రోజులు ఎముకల మీద నొప్పి ఉంది. అది కొత్తవారందరికీ సహజమని, రోజు విడిచి రోజు కొంచెం కొంచెంగా తొక్కితే శరీరం అలవాటు పడుతుందని చదివాను. నొప్పికీ మొద్దుబారడానికీ గల భేదం ఇక్కడే గుర్తించాలి. ఎముకల మీది నొప్పి అలవాటుతో తగ్గుతుంది. మొద్దుబారడం అలవాటు చేసుకోదగినది కాదు. మొదట కోర్బిన్స్ కోవ్ దాకా, తరువాత చాతం వంతెన దాకా వెళ్లివస్తూ ఉండేవాణ్ణి. 1883లో నెలకొల్పిన రంపపు మిల్లు ఉన్నది ఆ చాతంలోనే. పది నిమిషాలకొకసారి పెడళ్ల మీద లేచి నిలబడి, ఇరవై లెక్కపెట్టి మళ్లీ కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. చదునైన ఊళ్లలో దీనిని పనిగట్టుకొని గుర్తుంచుకోవాలి. మా ఊళ్లో ఆ చింత లేదు. ప్రతి మలుపులోనూ ఒక ఎత్తు వచ్చి ‘లే’ అంటుంది. నేను ఇన్నాళ్లూ తిట్టుకున్న కొండలే నాకు వైద్యం చేస్తున్నాయని గ్రహించాను.

ఇక చర్మ సంరక్షణ. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే దీవులివి. వాన లేనప్పుడు చెమట ఉంటుంది. తడిసిన గుడ్డ, దానికో మందపాటి కుట్టు, దాని మీద గంటకు కొన్ని వేల తొక్కుళ్లు - చర్మం ఒరుసుకుపోవడానికి, కురుపులు లేవడానికి ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి ఉండదు. మధుమేహం ఉన్నవారికి చిన్న పుండు కూడా పెద్ద విషయమే. అందుచేత జీన్స్‌కు స్వస్తి చెప్పి, లోపల మెత్త అతికిన సైకిలు నిక్కరు కొన్నాను. దానిని లోదుస్తులు లేకుండా నేరుగా ధరించాలని తెలిసి మొదట నిర్ఘాంతపోయాను. కుట్లు ఎన్ని తగ్గితే ఒరుపు అంత తగ్గుతుందన్న కారణం తెలిశాక సమాధానపడ్డాను. పైన వదులైన ప్యాంటు వేసుకుంటే మర్యాదకూ లోపం రాదు. ఒరిపిడి కలిగే చోట పలచగా వాజలీను రాసుకోవడం, ఇంటికి రాగానే తడిబట్టలు విడిచి స్నానం చేయడం, నిక్కరును ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరవేయడం - ఇవి నియమాలయ్యాయి.

ఈ వివరాలన్నీ ఒక ఆదివారం ఫోనులో మా అమ్మకు నవ్వుతూ చెబుతున్నాను. అమ్మ పార్వతీపురం దగ్గర మా స్వగ్రామంలో తమ్ముడి వద్ద ఉంటుంది. నాన్నగారు పోయి పదిహేనేళ్లయింది. ఆయన గ్రామాలకు తపాలా బట్వాడా చేసేవారు. సంచి క్యారియరుకు కట్టుకొని, రోజుకు పాతిక ముప్ఫై కిలోమీటర్లు గతుకుల బండి బాటలలో సైకిలు మీద తిరిగేవారు. నేను చెప్పినదంతా విని అమ్మ కాసేపు మాట్లాడలేదు.

“మీ నాన్నకీ అంతేరా. ఎండాకాలం వచ్చిందంటే కురుపులు లేచిపోయేవి. మీరు పడుకున్నాక కొబ్బరినూనె రాసుకునేవారు.”

“నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?”

“చెప్పొద్దనేవారు. చెబితే నువ్వు చదువు మానేసి పనికి పోతానంటావని.”

చిన్నప్పుడు నాకొక దృశ్యం బాగా జ్ఞాపకం. నాన్నగారు సాయంత్రం ఇల్లు చేరి, సైకిలుకు స్టాండు వేసి, కాళ్లు కడుక్కొని, అరుగు మీది స్తంభానికి ఆనుకొని నిలబడే టీ తాగేవారు. నులకమంచం వాల్చి ఉన్నా కూర్చునేవారు కారు. ‘రోజంతా కూర్చునే ఉన్నాను కదురా’ అనేవారు. అది ఆయన చమత్కారమని నేను నవ్వేవాణ్ణి. కూర్చోలేక నిలబడేవారని నలభై ఏళ్ల తరువాత, బీరకాయల బస్తాల నడుమ నిలబడి ఇంటికి వచ్చిన అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టి, నాకు అర్థమైంది.

2024 సంక్రాంతికి సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు అటక ఎక్కాను. నాన్నగారి సైకిలు ఏనాడో పాతసామాన్లవాడికి పోయింది. సీటు మాత్రం మిగిలింది. స్ప్రింగులున్న తోలు సీటు. తోలు సీట్లకు ఒక గుణం ఉంది. మొదట చెక్కలా ఉంటాయి. వందల కిలోమీటర్లు తొక్కాక యజమాని ఎముకల ఆకృతిని తమలో ఇముడ్చుకుంటాయి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1866లో తోలు వ్యాపారం ప్రారంభించిన జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్, గుర్రం చనిపోతే సైకిలెక్కి, దాని సీటు బాధ భరించలేక తానే తోలు సీటు తయారు చేసి 1882లో పేటెంటు పొందాడని చెబుతారు. మన దేశంలో తయారైన పాత సైకిళ్ల తోలు సీట్లన్నీ ఆ వంశానివే. నాన్నగారి సీటు మీద దుమ్ము తుడిచాను. నల్లని తోలు మీద రెండు గుంటలు స్పష్టంగా ఉన్నాయి. వాటి మీద అరచేయి ఉంచి చాలాసేపు కూర్చున్నాను. ఒక పక్క తోలు చిరిగి, సైకిలు ట్యూబు ముక్కతో కుట్టు వేసి ఉంది. కొత్త సీటు కొనవలసిన డబ్బు ఏ ఏడాది ఏ పరీక్ష ఫీజుకు వెళ్లిందో లెక్క తీయబుద్ధి కాలేదు. సీటును గుడ్డలో చుట్టి యథాస్థానంలో పెట్టి వచ్చాను.

తిరిగి వచ్చాక నా సాధనలో తేడా వచ్చింది. అంతవరకు కుర్రవాళ్ల నవ్వుకు జవాబు చెప్పాలని తొక్కేవాణ్ణి. ఆపైన ఆ తొందర పోయింది. వండూరు వైపు వెళ్లే దారిలో సిప్పీఘాట్ వస్తుంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, అక్కడి పొలాల మీదికి సముద్రపు నీరు వచ్చి నిలిచిపోయింది. అక్కడ ప్రతిసారీ దిగి ఐదు నిమిషాలు ఆగుతాను. ఆనాటి సునామీని తొమ్మిదేళ్ల పసిప్రాయంలో చెట్టును ఆశ్రయించి తప్పించుకున్న ఈ దీవుల ఆడపిల్ల డెబోరా హెరాల్డ్, పెరిగి పెద్దదై భారతదేశానికి పతకాలు తెచ్చిన సైకిలు వీరాంగన అయింది. నికోబార్‌కు చెందిన ఎసో అల్బన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎగిల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో రజత పతకం, మరుసటి ఏడాది జర్మనీలో జట్టుగా స్వర్ణ పతకం సాధించాడు. ట్రాక్ మీద వారి పందెం నిమిషంలో, రెండు నిమిషాలలో ముగియవచ్చు; దాని వెనక సీటు మీద గడిపిన గంటలను ఎవరు లెక్కిస్తారు? మరొక పక్క ఫ్రాన్సులో 1891లో ఆరంభమైన పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్రలో సుమారు పన్నెండు వందల కిలోమీటర్లను తొంభై గంటలలో పూర్తి చేసేవారున్నారు. మన దేశం నుంచి కూడా వెళుతున్నారు. అటువంటి దూరాలలో కాళ్ల సత్తువ కన్నా ముందుగా పరీక్షకు నిలిచేది ఆసనమేనని అందులో పాల్గొన్నవారు చెబుతారు.

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఎవరికీ చెప్పకుండా, తెల్లవారుతుండగా మిడిల్ పాయింట్ నుంచి ఒంటరిగా బయలుదేరాను. జేబులో చక్కెర బిళ్లలు, అరటిపళ్లు, రెండు సీసాల నీళ్లు. పోయినసారి వ్యాను ఎక్కిన మలుపు వచ్చింది. లేచి నిలబడి ఇరవై లెక్కపెట్టి కూర్చున్నాను. మొద్దుబారలేదు. దారి పొడవునా కుడివైపు అడవి, ఎడమవైపు అప్పుడప్పుడు కనబడే సముద్రం. ఎనిమిది కాకమునుపే చిడియాటాపు చేరాను. ఒడ్డున ఒరిగిన మాను మీద కూర్చొని టీ తాగాను. కూర్చొనే తాగాను. ఆ సమయంలో నాకు గుర్తుకు వచ్చింది ఎవరో మీకు చెప్పనక్కరలేదు. మధ్యాహ్నానికి ముందే ఇల్లు చేరి, సైకిలుకు స్టాండు వేసి, లెక్క చూసుకుంటే యాభై కిలోమీటర్లు దాటింది. ఆ మూడు నెలల సగటు తెలిపే రక్తపరీక్షలో వచ్చిన ఫలితం చూసి మా వైద్యుడు ఒక మాత్ర తగ్గించారు.

మిత్రులారా! నాకు అర్థమైనది క్లుప్తంగా ఇది. సీటు మెత్తనిదా అని కాదు, సరిపోయినదా అని చూడండి. ఎత్తు, మట్టం, వెడల్పు - ఈ మూడింటినీ కొలిచి సరిచేసుకోండి. మొద్దుబారితే వెంటనే లేవండి. తగ్గకపోతే వైద్యుణ్ణి కలవండి. కుట్టు లేని బట్ట, పొడి చర్మం, కొంచెం కొంచెంగా పెంచే దూరం - వీటిని నమ్మండి. బరువును ఒక్కచోట వేయకండి. ఈ చివరి మాట సైకిలుకే పరిమితం కాదని మీకు తోచవచ్చు. కార్యాలయంలో ఒకే సీటు మీద భారమంతా వేసి మిగిలినవారు ఊగుతూ ఉంటే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. గంటకొకసారి కుర్చీలో నుంచి లేచి నాలుగడుగులు వేయడం కూడా మన ఆరోగ్యానికి మేలే. మీ ఇంట్లో మీ కోసం రోజంతా తిరిగి వచ్చి, మంచం ఉన్నా నిలబడే ఉండే పెద్దవారెవరైనా ఉంటే, ఎందుకని ఒక్కసారి అడగండి. నేను అడగలేదు.

ఇప్పటికీ ఆదివారాలు తెల్లవారుజామున బయలుదేరుతూనే ఉన్నాను. ఆ వేళలో ఎవరైనా మా ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ ఇచ్చే సమాధానం ఒక్కటే: “ఆయన సీట్లో ఉన్నారండీ. తొమ్మిదైతే గానీ దొరకరు.”